నాడిరాత

కర్పూరం వాసన వస్తే అందరికీ దేవుడు గుర్తుకొస్తాడు. నాకు మసి పట్టిన కాగితం గుర్తుకొస్తుంది. ఈ ఉదయం పక్కింట్లో హారతి ఇస్తుంటే ఆ వాసన మా వరండాలోకి వచ్చింది. సత్యానందం మాస్టారు పోయి ఏళ్ళయింది. ఆ వాసనకి మాత్రం ఆ సంగతి తెలియదు.

రాజమండ్రిలో మా మిషను ఆసుపత్రిలో ఆయన మాలాంటి నర్సులకూ కాంపౌండర్లకూ పాఠాలు చెప్పేవారు. డాక్టరు దొరగారి ఇంగ్లీషును తెలుగు చేసి రోగులకు వినిపించడమూ ఆయన పనే. దగ్గు రోగులకు చుట్ట మానమని గట్టిగా చెప్పి, వెనక పెరట్లోకి వెళ్ళి తాను ముట్టించేవారు. ఏం మాస్టారూ అంటే, "నేను తెలుగు చేశానంతేనమ్మా, ఆ మాట దొరగారిది" అనేవారు.

ఆ రోజుల్లో మాకు నాడిని గీసే యంత్రం ఒకటి వచ్చింది. దాన్ని మణికట్టుకి కట్టి కీ ఇస్తే, కర్పూరం పొగ పట్టించి నల్లబరిచిన కాగితం మెల్లగా జరిగేది. నాడి కొట్టుకున్నప్పుడల్లా సన్నని ముల్లు ఎగిరి దానిమీద తెల్లగీత గీసేది. ఆ గీతను దొరగారు ఆర్టీరియోగ్రాం అనేవారు.

"ఆర్టీరియో అంటే ధమని, గ్రాం అంటే రాసింది. తెలుగులో ఏమందాం?" అని మాస్టారు క్లాసులో అడిగారు.

"ధమనీలేఖనమండి" అన్నాను, నాకు వచ్చిన నాలుగు సంస్కృత ముక్కలూ చూపించుకోవాలని.

"బాగుంది సుందరమ్మా. ఆ మాట వింటే రోగి నీకు దణ్ణం పెడతాడు. అర్థం మాత్రం కాదు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. చివరికి ఆయనే 'నాడిరాత' అని తేల్చారు. నాడి తనంతట తాను రాసుకున్నది కదా అన్నారు. ఎంత చక్కటి మాట అనుకున్నాం అందరం.

కొన్నాళ్ళకి సముద్రపు ఒడ్డు పల్లె నుంచి పోలయ్య అనే జాలరిని అతని భార్య నూకాలమ్మ కాలువ పడవలో తీసుకొచ్చింది. కాళ్ళు వాచిపోయాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మందు పడ్డాక వాపు తీయడం మొదలైంది. అయినా యంత్రం పెట్టి చూస్తే గీత ఇంకా ఎగుడుదిగుడుగానే వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంచి మందివ్వాలి, కోలుకుంటాడు అన్నారు దొరగారు.

మాస్టారు కాగితం పట్టుకుని నూకాలమ్మ దగ్గరికి వెళ్ళారు. "అమ్మా, నీ పెనిమిటి నాడిరాత ఇంకా బాగోలేదు."

"రాత బాగోలేదా బాబూ?"

"లేదమ్మా. అందుకే ఇక్కడే ఉండమంటున్నాను."

ఆవిడ ఆ నల్లకాగితాన్ని కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చింది. మధ్యాహ్నానికి పోలయ్య మంచం ఖాళీగా ఉంది. పక్కమంచం ముసలాయన చెప్పాడు: "నుదుటిరాతే బాగోలేదని యంత్రం చెప్పేసిందంటండీ. పోయేదేదో సొంతూళ్ళో, మనవాళ్ళ మధ్య పోనిద్దామని తీసుకుపోయింది."

మాస్టారు ఒక్క ఉదుటున లేచారు. మందుసీసా తీసుకుని దొరికిన పడవ ఎక్కారు. ఆయన భార్య రూతమ్మగారూ, నేనూ వెంట వెళ్ళాం. మేము చేరేసరికే అంతా అయిపోయింది. నూకాలమ్మ గుమ్మంలోంచి లేచి మాకు చాప వేసింది.

"మీరేం చేస్తారు బాబూ. రాసున్నది చదివి చెప్పారు" అంది.

మాస్టారు నోరు తెరవబోయారు. రూతమ్మగారు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బయటికొచ్చాక, "ఇక్కడే ఉంటే బతికేవాడని ఇప్పుడు చెబితే ఆ బరువు ఆవిడ మోయాలండి. మీరే మొయ్యండి" అన్నారు. తిరుగు పడవలో మాస్టారు ఒక్కసారే మాట్లాడారు. "ఆవిడ నన్ను అడిగింది సుందరమ్మా. రాత బాగోలేదా అని అడిగింది. నేను లేదన్నాను." ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

నాడిరాత అన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. ఏ రోగికి ఏం చెప్పినా, "మీకేమర్థమైందో మీ నోటితో ఓసారి చెప్పండి" అని అడిగేవారు. దొరగారు విసుక్కునేవారు. విసుక్కోనీ అని, జవాబు వచ్చేదాకా మాస్టారు కదిలేవారు కాదు.

ఆయనకే గుండెజబ్బు వచ్చినప్పుడు యంత్రం పెట్టింది నేను. గీత పోలయ్య గీతకన్నా అధ్వాన్నంగా వచ్చింది. కాగితం చూపించబోతే తల తిప్పుకున్నారు. "నాకొద్దు. రూతుకి చెప్పు."

"గుండె బాగా అలిసిపోయిందండి. మందు ఇక పనిచెయ్యట్లేదు" అని రూతమ్మగారికి చెప్పాను. కళ్ళు మూసుకునే ఆయన అన్నారు, "ఏమర్థమైందో అడుగు."

అడిగాను. ఆవిడ ఆయన దుప్పటి సర్దుతూ, "ఈయన ఇంక లేవరు. ఉన్నంతసేపూ నన్ను పక్కన కూర్చోమని" అన్నారు.

"సరిగ్గా చెప్పావమ్మా" అన్నారు మాస్టారు, నాతో.

ఇప్పుడు ఒంట్లోంచి దూసుకుపోయే కొత్త కిరణాలతో ధమనికే బొమ్మ తీయొచ్చట. చచ్చినవాళ్ళ చేతుల్లో తీసి చూశారని, ఆర్టీరియోగ్రాం అన్న పాతమాట ఇక ఆ బొమ్మకి వాడొచ్చని మా కుర్ర డాక్టరు ఉత్సాహపడుతున్నాడు. తెలుగులో ఏమందామని నన్నే అడిగాడు. ఏదైనా పెట్టుకో నాయనా, విన్నవాళ్ళకి ఏం వినబడిందో మాత్రం అడుగు అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. నేను ప్రతి మంచం దగ్గరా అడుగుతాను. అడిగి, వాళ్ళు నోరు విప్పేదాకా నిలబడతాను. ఆ కాసేపూ నాకు ఇప్పటికీ భయమే.