నీలి వెలుగూ, బాపు కోరా బట్టా

తొందరకు మా ఇంట్లో నేను పెట్టింది పేరు. అన్నం ఉడకకముందే నాలుగుసార్లు మూత తీసి చూస్తానని అవ్వ, అంటే మా అమ్మ, తిట్టేది. కరీంనగర్‌లో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చివరి ఏడాది చదువుతున్నప్పుడు ఆ తొందరే నన్ను ఆకాశానికెత్తి, రెండు రోజుల్లో నేలమీద పడేసింది. అయినా ఆ వారం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఏడుపు రాదు, సంబరమే వస్తుంది.

నా ప్రాజెక్టు కూమరిన్ జాతి రంగుల మీద. రంగులంటే చీరలకు అద్దేవి కావు. మామూలు వెలుతురులో ఇవి ఉప్పులా తెల్లగా, ఏ గొప్పా లేకుండా ఉంటాయి. కంటికి కనపడని అతినీలలోహిత కాంతి కింద పెడితే మాత్రం నీలంగా వెలుగుతాయి. ఆ కాంతిని అణువు మింగుతుంది, క్షణంలో కోటోవంతు కూడా ఆగకుండా వెనక్కి ఇచ్చేస్తుంది. కానీ మింగినంతా ఇవ్వదు. నిచ్చెన చివరిదాకా ఎక్కిన పిల్ల నాలుగు మెట్లు చప్పుడు లేకుండా దిగి, అక్కణ్నించి ఒక్క దూకు దూకినట్టు, కొంత శక్తిని ముందే వేడిగా పోగొట్టుకుంటుంది. ఆ మిగిలిన దూకే మన కంటికి నీలి వెలుగు. పుస్తకంలో ఇది చదివిన రోజు హాస్టల్ గదిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను. లోకంలో ఇంత అందమైన సంగతి జరుగుతుంటే అందరూ బస్సులెక్కి ఆఫీసులకు ఎలా పోతున్నారా అనిపించింది.

చేసే పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. రిసార్సినాల్‌ను ఇథైల్ అసిటోఅసిటేట్‌లో కరిగించి, మంచులో చల్లబెట్టిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలోకి బొట్టు బొట్టుగా వదలాలి. కొన్ని గంటలు ఆగాలి. మంచుముక్కల మీద కుమ్మరిస్తే తెల్లటి పొడి తేలుతుంది. దాన్ని వడగట్టి, వేడి ఆల్కహాల్‌లో కరిగించి, వేడిమీదే మళ్లీ వడగట్టి చల్లార్చితే శుభ్రమైన స్ఫటికాలు వస్తాయి. ఇందులో కష్టమంతా "బొట్టు బొట్టుగా", "ఆగాలి" అనే రెండు మాటల్లోనే ఉంది. ఆ రెండూ నాకు పుట్టుకతో రాలేదు.

అది ఏప్రిల్ నెల. ఐసు పెట్టిన కాసేపటికే కరిగిపోతోంది. గురువారంనాడు నేను బొట్లను ధార చేశాను. గాజుపాత్ర వేడెక్కింది, లోపలి ద్రవం గోధుమరంగుకు తిరిగింది. సర్లే అని మంచుమీద కుమ్మరించాను. వడపోత కాగితాలు ఆ వారం స్టోర్‌లో అయిపోయాయి. నేత ఇంటి పిల్లకు అదో లెక్కా? మాది సిరిసిల్ల, బాపు మరమగ్గాల మీద పనిచేస్తాడు, అవ్వ ఇంట్లో లంగాలు కుడుతుంది. అవ్వ కుట్టగా మిగిలిన తెల్లగుడ్డ ముక్కలు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. మన మగ్గం మీద పుట్టిన బట్టకంటే నమ్మకమైంది ఏముంటుందని ఆ ముక్కల్లోంచే వడగట్టాను.

గోధుమరంగు ముద్దలోంచి చిటికెడు పొడి మిగిలింది. అది కరగాల్సిన వేడికంటే చాలా ముందే కరిగింది. అది తప్పు అని నాకు తెలుసు. తెలిసీ కళ్లు మూసుకున్నాను, ఎందుకంటే ఆల్కహాల్‌లో కలిపి యూవీ దీపమున్న నల్ల పెట్టెలో పెట్టి సందులోంచి చూస్తే, నీలంగా వెలుగుతోంది. నా కాళ్లు నేలమీద నిలవలేదు. వరండాలోకి పరుగెత్తి బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, నేను చేసింది వెలుగుతుంది."

వెనక మగ్గాల చప్పుడు. "ఏందీ, కరెంట్ లేకుంటనేనా?" అని అరిచాడు.

"దానిమీద కంటికి కనపడని వెలుగు వేస్తే, అది మనకు కనపడే వెలుగు ఇస్తది బాపూ."

 మగ్గాల షెడ్డులో ఉన్న అందరికీ వినపడేలా చెప్పడం నాకు ఫోన్లోనే వినిపించింది: "నా బిడ్డ వెలుగు తయారుచేసిందట." ఆదివారం మగ్గాలు బంద్ ఉంటాయి, మొదటి బస్సుకే వచ్చి చూస్తానన్నాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా తండ్రీకూతుళ్ల సంగతి.

నా గైడ్ మేడంది ఆదిలాబాద్. మాట తక్కువ, చూపు ఎక్కువ. సొంతూరికి పోయి శనివారం తిరిగొచ్చారు. నేను పెట్టె దగ్గరకు లాక్కుపోయినంత పని చేశాను. ఆమె చూసి, నిమ్మళంగా అడిగారు.

"మంచిగనే వెలుగుతుంది. బ్లాంక్ చూసినవా?"

బ్లాంక్ అంటే రంగు లేకుండా, మిగతా అంతా అలాగే చేసి చూడటం. చూడలేదు. అప్పుడు చేశాను. పొడి వేయని ఆల్కహాల్‌ను వేడిచేసి, అదే గుడ్డలోంచి వడగట్టి పెట్టెలో పెట్టాను. అది కూడా నీలంగా వెలిగింది.

గాజుసామానంతా కడిగాను, కొత్త సీసా ఆల్కహాల్ విప్పి అలాగే వడగట్టాను. మళ్లీ వెలిగింది. ఆ వెలుగు నేను చేసిందే కాదు. నాకు ముందు మేడం మీద కోపమొచ్చింది, తర్వాత ఆ పెట్టె మీద, ఆఖరికి నామీద.

"ఎందుల్నో ఏదో కలిసింది. దేంట్లనో నువ్వే వెతుకు" అన్నారు మేడం. "మంగళవారం వైవా. సోమవారం నీ రికార్డుల నేను సంతకం పెట్టాలె. గిది చూసి పెట్టలేను. రేపు చర్చి అయినంక వచ్చి లాబ్ తెరుస్తా. ఒక్కరోజు ఉంది నీకు."

సంతకం లేకపోతే పరీక్ష వచ్చే ఏడాదికి పోతుంది. అది పెద్ద దెబ్బే. కానీ ఆ సాయంత్రం నన్ను తినేసింది అది కాదు. షెడ్డులో బాపు అన్న మాట. ఫోన్ చేసి రావద్దని చెప్పాలనుకుని మూడుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను.

ఆదివారం పొద్దున్నే బాపు వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, భుజాన తెల్ల తువ్వాల, చేతిలో గుడ్డలో మూటకట్టిన టిఫిన్ డబ్బా. కాలేజీ మెట్లమీద కూర్చోబెట్టి, తల దించుకుని చెప్పాను.

"బాపూ, అది నేను చేసిన వెలుగు కాదు. తప్పయింది."

తిట్టలేదు. కాసేపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "మరి ఎవ్వలు చేసిండ్రు?" అన్నాడు. మేడం వెతకమన్నా, నేను ఆ ప్రశ్న అడుక్కోనే లేదు.

పదకొండింటికి మేడం చర్చి నుంచి అలాగే తెల్లచీరలో వచ్చారు. నమస్తే పెట్టి బాపు ఆ అబద్ధపు వెలుగునే చూపించమన్నాడు. పెట్టె సందుకు కళ్లు ఆనించాడు. చూస్తూ చూస్తూ తువ్వాల కొస లోపలికి తోశాడు. తువ్వాల నీలంగా వెలిగింది, నా గాజునాళికకంటే ఎక్కువ.

"మేడం, జర మీ కొంగు గిట్ల పెట్టున్రి."

మేడం నవ్వాపుకుంటూ పెట్టారు. అదీ నీలమే.

బాపు గరాటులో ఉన్న గుడ్డముక్కను వేలితో తాకాడు. "గీ వడగట్టిన గుడ్డ ఎక్కడిది బిడ్డా?"

"మనదే బాపూ. అవ్వ లంగాలు కుట్టంగ మిగిలినయి."

"అయితే గది కార్ఖానకు పోయొచ్చిన బట్ట. మగ్గం మీదికెళ్లి దిగినప్పుడు బట్ట గింత తెల్లగుంటదా? జర పచ్చగ, మాసినట్టుంటది. గట్లనే పెడ్తే ఎవ్వలు కొంటరు? అద్దకం కాడ ఆఖరి తొట్టిల తెల్లమందు పెడ్తరు. పెండ్లికి ముందు నేను గా తొట్టి కాడ్నే పనిచేసిన. మేం నేసింది మెరవది బిడ్డా, అమ్మేటందుకు మెరిపిస్తరు."

నేను మేడం వైపు చూశాను. ఆమెకు శనివారమే అనుమానం వచ్చిందని అప్పుడు ఒప్పుకున్నారు. ఆ తెల్లమందు కూడా నా రంగు లాంటిదే. అతినీలలోహితాన్ని మింగి నీలాన్ని ఇస్తుంది, బట్టలోని పసుపుచాయను కప్పేస్తుంది. మేం "మల్లెపువ్వసొంటి తెలుపు" అనుకునేదంతా అదేనట. ఇరవైయేళ్లు ఆ వెలుగు కట్టుకుని తిరిగి, దాన్నే ప్రయోగశాలలో నేను పుట్టించాననుకున్నాను. సిగ్గుపడాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే ప్రాణం లేచొచ్చింది.

బాపు టిఫిన్ మూట విప్పాడు. అది కోరా నూలు బట్ట, తెల్లమందు తొట్టి చూడనిది, తమ పక్క షెడ్డులో నూలు మగ్గం మీద బాపే నేసిన తానులో చివరి ముక్క. పెట్టెలో పెడితే చీకట్లో చీకటిలా ఉంది, ఒక్క మూల తప్ప. ఆ మూల పసుపుపచ్చగా వెలుగుతోంది.

"గిదేంది?" అన్నాడు బాపు కంగారుగా.

"అవ్వ కూరలో పసుపు" అన్నాను. పసుపూ అలా వెలుగుతుందని పాఠంలో చదివినదే. మేడం గట్టిగా నవ్వడం ఆ రోజే చూశాను. ఆ మూల కత్తిరించేశాం.

బట్టలో గంజి ఉంటుందని, అది పోవాలని, బాపే హీటర్ దగ్గర నిలబడి దాన్ని మూడు నీళ్లలో ఉడకబెట్టాడు. నేను ఆమ్లం దగ్గర కూర్చున్నాను. ఐసు నేనడగకముందే అంగడి నుంచి సంచీనిండా తెచ్చాడు. ఈసారి నిజంగా బొట్టు బొట్టుగానే వదిలాను. చెయ్యి ఉరకబోతే బాపు, "పోగు తెగుతది, నిమ్మళం" అనేవాడు. పోగు తెగితే మగ్గం ఆపి ముడేసి మళ్లీ మొదలుపెట్టే మనిషికి ఓపిక గురించి ఎవరు చెప్పాలి. మధ్యాహ్నం మేడంతో సహా ముగ్గురం వరండాలో అవ్వ కూర తిన్నాం.

సాయంత్రం మంచుమీద కుమ్మరిస్తే తెల్లగా తేలింది, గోధుమరంగు జాడే లేదు. కోరా బట్టలోంచి వడగట్టి, కరిగించి, మళ్లీ వడగట్టి, చల్లార్చాను. సూదుల్లాంటి స్ఫటికాలు వచ్చాయి. సరిగ్గా పుస్తకంలో ఉన్న వేడి దగ్గరే కరిగాయి. రెండు నాళికలు పెట్టెలో పెట్టాను, ఒకటి బ్లాంక్, ఒకటి నాది. నాది మసగ్గా ఊదాగా ఉంది. రెండింటిలోనూ ఒక్కో చుక్క కాస్టిక్ సోడా ద్రావణం వేశాను. నా నాళిక ఒక్కసారిగా నీలంగా లేచింది. సోడా ఆ అణువులోంచి ఒక హైడ్రోజన్‌ను లాగేసుకుంటుంది, దాంతో వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చదివిందే, అయినా బాపును చెయ్యి పట్టుకుని పెట్టె దగ్గరకు లాగాను.

బాపు నా నాళిక వైపు చూడలేదు. ముందు పక్కదాన్ని చూశాడు.

"గిది వెలుగుత లేదు గదా?"

"లేదు బాపూ."

అప్పుడు రెండోదాన్ని చూశాడు, చాలాసేపు. "మంచిది. ఇగ షెడ్డుల చెప్పుకోవచ్చు" అని తువ్వాల దులిపి భుజాన వేసుకుని బస్సుకు బయల్దేరాడు.

సోమవారం మేడం సంతకం పెట్టారు. మంగళవారం బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా రికార్డు తిరగేస్తూ వాడిన వస్తువుల పేజీ దగ్గర ఆగారు. ప్రతి రసాయనం పక్కనా కంపెనీ పేరుంది. వడపోత బట్ట పక్కన మాత్రం "సొంత నేత" అని రాసి, ఓ కోరా ముక్క అతికించి ఉంది.

"ఇదేమిటమ్మా? మార్కెట్లో ఇంతకంటే తెల్లటి బట్ట దొరకలేదా?"

"దొరుకుతుంది సార్" అన్నాను. "ఇది మా బాపు నేసింది. మెరవదు, అందుకే తీసుకున్నాను."