శనివారం ఆఖరి పీరియడ్

మొన్న ఆత్మకూరులో మా చిన్నాయన కర్మ నాడు, భోజనాలయ్యాక మా అక్క మనవడు చెప్పులేసుకుంటూ "వెళ్లొస్తామండీ" అని అందరికీ వినబడేలా అన్నాడు. చావింట్లో ఆ మాట అనకూడదు. మళ్లీ ఇలాంటి పనికే వస్తామన్నట్టు ఉంటుంది. ముసలమ్మలు గతుక్కుమన్నారు. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెద్ద చదువుల పిల్లవాడు, ఎవరూ చెప్పలేదు పాపం.

చిన్నాయన ఉదయగిరి హైస్కూల్లో మాకు సోషల్ చెప్పేవాడు. శనివారం ఆఖరి పీరియడ్‌లో పుస్తకాలు మూయించేవాడు. ఎవరి మతం గురించి వాళ్లు చెప్పకూడదు, పక్కింటివాళ్ల ఆచారం చెప్పాలి. తప్పో ఒప్పో ఆ ఇంటి పిల్లలే తేల్చాలి. నా వంతుకు రంజాన్ ఉపవాసం వచ్చింది. ఏకాదశి ఉపవాసమంటూ మా అవ్వ పాలు, అరటిపళ్లు, వేయించిన శెనక్కాయలు లాగించడం చూసి పెరిగినదాన్ని గనుక, వాళ్లూ అంతేనని ధైర్యంగా చెప్పేశాను. నా పక్కన కూర్చునే ముస్లిం అమ్మాయి, దర్జీగారి కూతురు, లేచి "పొద్దుగూకిందాకా నీళ్లు గూడా ముట్టం మే!" అంది. తన వంతు వచ్చినప్పుడు మా వాళ్ల చావింటి సంగతి ఎత్తుకుంది.

"పోయేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు సార్. గమ్మున లేసి పోవాల."

క్లాసంతా నవ్వింది. చిన్నాయన నవ్వలేదు. "నీకెవురు చెప్పినారమ్మా?" అన్నాడు. "మా పక్కింటి అవ్వ సార్" అంది. ఆ సాయంత్రమంతా ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది.

ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. ఎన్నడూ ఒకచోట చేరని రెండు మతాల పెద్దలూ హెడ్మాస్టరు గదిలో ఒకే బెంచీ మీద కూర్చుని, "మా పిల్లకాయలకు వాళ్ల సంగతులెందుకయ్యా?" అన్నారు. పీరియడ్ ఆగిపోయింది. చిన్నాయనను సీతారామపురానికి బదిలీ చేశారు. ఆయనకు వాళ్ల మీద కోపం లేదు గానీ దిగులు మాత్రం పోలేదు. మంచం పట్టాక కూడా నన్ను అడిగేవాడు, "ఆ మాటలు ఒక్కరికన్నా గుర్తుండాయంటావా పాపా?" అని. ఉంటాయిలే చిన్నాయనా అనేదాన్ని. నమ్మేవాడు కాదు.

కర్మ నాటి సాయంత్రం ఆ దర్జీగారి కూతురు వింజమూరు నుంచి బస్సులో వచ్చింది. జుట్టు నెరిసిపోయింది. ఫోటో ముందు కాసేపు నిలబడి, నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చీకటి పడుతుంటే లేచింది. అలవాటు కొద్దీ నేనే మళ్లీ రమ్మనబోయాను. తను నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్క మాట కూడా అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

నాకప్పుడు దుఃఖం ఆగలేదు. ఆ వెళ్లడం చిన్నాయన చూసి ఉంటే ఎంత బాగుండేది! ఆయన ఉండగానే ఈ జవాబు తెచ్చేపాటి తొందర కూడా కాలానికి లేకపోయింది.