తలనీలాలిచ్చిన నేరం

తిప్పమ్మ చేతుల్లోనే కాటా ఉందని చింతలకొట్టాలలో అందరూ అంటారు. బిడ్డను చంకకెత్తుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించి, "ఏడు కిలోల ఇన్నూరు" అంటుంది. ఆ తర్వాత కొక్కేనికి తగిలించి తూస్తే ముల్లు అక్కడే నిలబడుతుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ ఊరి అంగన్‌వాడీ ఆమెదే. పామిడికి ఆరు మైళ్లు లోపలగా, బస్సు ఇష్టముంటే వచ్చే ఆ ఊళ్లో, ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో ఆమె చేతి ఉడకబెట్టిన గుడ్డు తినకుండా పెరిగినవాడు ఒక్కడూ లేడు.

యాభై దాటిన మనిషి కదా, సర్కారు ఫోను చేతికిస్తే బెదిరిపోయి ఉంటుందని అనుకోకండి. నిజం చెప్పాలంటే తిప్పమ్మ సంబరపడింది. పదకొండు రిజిస్టర్లు మోసీ మోసీ భుజం పడిపోయిన ఆడది, అవన్నీ అరచేతిలో ఇమిడిపోతాయంటే సంబరపడదా? కళ్లజోడు సర్దుకుంటూ వారం రోజుల్లో నేర్చుకుంది. చుట్టుపక్కల నాలుగు సెంటర్ల వాళ్లకు తానే నేర్పింది. ఫోను మొదట పేర్లడిగింది, ఇచ్చింది. బరువులడిగింది, ఇచ్చింది. చివరికి మొహాలడిగింది.

మూడేళ్ల లోపు పిల్లలు సెంటర్లో కూర్చుని తినరు. వాళ్లకు నెలనెలా ఒకటో తేదీన బాలామృతం పిండి పొట్లమూ గుడ్లూ తల్లి చేతికిస్తారు. ఇకమీదట ఇచ్చే ముందు తల్లి మొహాన్ని ఫోనుకు చూపాలన్నారు. ఫోను తన దగ్గరున్న పాత ఫొటోతో పోల్చుకుని, ఆమే ఈమె అనుకుంటే ఆకుపచ్చ టిక్కు వేస్తుంది. టిక్కు లేనిదే పొట్లం లేదు. లేని పిల్లల పేర్లు రాసి సరుకు మాయం చేసేవాళ్లు లోకంలో ఉన్నమాట అబద్ధం కాదు కాబట్టి, తిప్పమ్మ దీనికీ తలూపింది. దొంగలను పట్టే వల దొరల కాళ్లకే చుట్టుకుంటుందని ఆమె అప్పటికి అనుకోలేదు.

జ్యోతి మొహాన్ని ఫోనులోకి ఎక్కించింది తిప్పమ్మే. సీమంతం అయిన మరుసటి రోజు, చేతుల నిండా గాజులతో, నడుం దాకా జడతో, ఆ జడ నిండా కనకాంబరాలతో జ్యోతి సెంటరు గుమ్మంలో నిలబడి నవ్వుతూ ఉంటే ఫొటో తీసింది. ఆ పిల్ల మూడేళ్లప్పుడు ముక్కు కారుతూ వచ్చి ఇదే గుమ్మంలో ఏడ్చిన పిల్ల. తిప్పమ్మ ఒళ్లో కూర్చుని అ ఆలు దిద్దింది. పెద్దయ్యాక ఊళ్లోనే మేనమామ కొడుకు శశికుమారును చేసుకుంది. అతను బెంగళూరులో సెంట్రింగు పనికి పోయి, పదిహేను రోజులకోసారి వచ్చి పోతుంటాడు.

జ్యోతి కూతురు అంజలికి ఎనిమిదో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గుతూనే కఫం కమ్మింది. అనంతపురం పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు. ఒళ్లంతా పైపులు పెట్టి పడుకోబెట్టిన బిడ్డను చూడలేక జ్యోతి వరండాలోకొచ్చి, కసాపురం దిక్కుకు తిరిగి, బిడ్డ దక్కితే నా తల నీకే స్వామీ అని మొక్కుకుంది. ఆడబిడ్డ కోసం ఆడది గుండు కొట్టించుకోవడమేమిటని అత్త తరఫువాళ్లు గొణిగారు. బిడ్డ దక్కింది. అయిదు కిలోల ఏడు వందలతో ఇంటికొచ్చింది. మందులకన్నా తిండి ముఖ్యం, బాలామృతం రోజుకు మూడు పూటలు, గుడ్డు ఒకటి, ఒక్క రోజు కూడా తప్పకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. శ్రావణ శనివారం నాడు జ్యోతి కసాపురం పోయి ఆంజనేయస్వామికి మొక్కు చెల్లించుకుంది.

ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చేలల్లో పని లేక, ఒకటో తేదీన తల్లులందరూ పొద్దున్నే సెంటరుకు చేరారు. గుండు మీద గంధం పూసుకుని, అంజలిని ఎత్తుకుని జ్యోతి వచ్చింది. తిప్పమ్మ బిడ్డను అందుకుని, "ఆరు కిలోలకొచ్చింది, పర్వాలేదు" అని మురిసిపోయి, ఫోనును జ్యోతి మొహానికి పెట్టింది.

ముఖం సరిపోలలేదు, మళ్లీ ప్రయత్నించండి అంది ఫోను.

"వెలుతురు సాల్లేదేమో, బయటికి రా" అంది తిప్పమ్మ. బయట కూడా సరిపోలలేదు. గంధం తుడిపించింది. బొట్టు పెద్దది చేయించింది. నవ్వమంది. నవ్వొద్దంది. ఆయా నల్లమ్మ తన కొంగు తీసి జ్యోతి తల మీద కప్పి, "ఇప్పుడు సూడక్కా" అంది. ఫోను ఒప్పుకోలేదు. అయిదోసారి తర్వాత, ఈరోజుకు ప్రయత్నాలు అయిపోయాయని చెప్పి మూసుకుంది.

తిప్పమ్మ చంకలో ఉన్న అంజలి తల్లి వైపు రెండు చేతులూ చాచి ఒంగిపోతోంది.

"పది నెల్ల బిడ్డకు తెలుస్తాంది ఎవురు తల్లో. నీకు తెల్లేదా?" అని తిప్పమ్మ ఫోను మీద కసిరింది. తల్లులు నవ్వారు. జ్యోతి మాత్రం నవ్వలేదు. "టీచరమ్మా, పొట్లం ఇయ్యరా?" అని అడిగింది.

తిప్పమ్మ సూపర్‌వైజర్ సునందకు ఫోను చేసింది. సంగతంతా చెప్పింది.

"పాత ఫొటో మార్చడానికి మనకు వీల్లేదు. టిక్కు పడకుండా ఇస్తే మీ మీదికే వస్తుంది తిప్పమ్మా," అంది సునంద.

"మన జ్యోతే మేడం! బిడ్డను ఆస్పత్రికి తీస్కపొయ్యేటప్పుడు కాయితం రాసిచ్చింది మీరే కదా. ఆయమ్మ మీకు తెలీదా?"

"నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోదు. సిస్టంకు తెలియాలి."

ఈ మాట విని తిప్పమ్మకు ఒళ్లు మండింది. ఎవరికైనా మండుతుంది. కళ్లుండి, తెలివుండి, జీతం తీసుకుంటున్న మనిషి, ఎదుట మనిషిని ఎరిగి కూడా ఎరగనని చెప్పడానికి ఎంత మంచి సాకు దొరికింది! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఇక్కడ పూజారి మనిషైనా కాదు, జవాబు చెప్పే నోరే లేని డబ్బా. కసాపురం స్వామి బిడ్డను బతికించి ఇచ్చాడు, ఆ బిడ్డకు గుప్పెడు పిండి పెట్టడానికి సర్కారేమో తల్లి జుట్టు అడుగుతోంది.

తిప్పమ్మ పొట్లం ఇచ్చేసింది. గుడ్లూ ఇచ్చింది. పాత రిజిస్టరు దులిపి జ్యోతి చేత సంతకం పెట్టించుకుంది. మూడో రోజు ఆమె ఫోనుకే మెమో వచ్చింది. గుర్తు తెలియని వ్యక్తికి సరుకు ఎందుకు ఇచ్చారో చెప్పమన్నారు.

మరుసటి నెల ఒకటో తేదీన కూడా ఫోను జ్యోతిని ఒప్పుకోలేదు, తిప్పమ్మ ఇవ్వాలన్నా ఇవ్వడానికి లేకుండా పోయింది. కిందటి నెల ఎన్ని టిక్కులు పడితే అన్ని పొట్లాలే బండెక్కుతాయి. చింతలకొట్టాలకు ఒక పొట్లం తక్కువ వచ్చింది, గుడ్లూ ఆ మేరకు తగ్గాయి. నల్లమ్మ ఒక డబ్బా పట్టుకుని తల్లుల దగ్గరికి తిరిగి, తలా ఒక గుప్పెడు పిండి వేయించింది. వేసిన వాళ్ల పిల్లలేమన్నా బొద్దుగా ఉన్నారా? అది మూడు రోజులొచ్చింది. తర్వాత రాగి గంజి ఒక్కటే. తిప్పమ్మ వెళ్లి అంజలిని ఎత్తుకుంది. చంకనెత్తుకోగానే ఆమెకు తెలిసిపోయింది. అయిదు కిలోల తొమ్మిది వందలు. ఎక్కిన బరువు దిగుతోంది.

ఆ వారంలోనే మండలం మీటింగు పెట్టారు. జిల్లా నుంచి అధికారి వచ్చాడు. గోడ మీద తెర వేసి అంకెలు చూపించాడు. కొత్త పద్ధతి వల్ల ఎంతమంది బోగస్ లబ్ధిదారులు పట్టుబడ్డారో చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ బోగస్ మొహాలు కొన్ని వరసగా తెర మీదికొచ్చాయి. రెండో వరసలో, మనిషంత ఎత్తున, గంధం చారలతో, బిత్తర చూపుతో జ్యోతి.

"మనుషులు మొహమాటపడతారు," అన్నాడు అధికారి. "మిషన్‌కు మొహమాటం ఉండదు."

తిప్పమ్మ లేచి నిలబడింది. పక్కన కూర్చున్నావిడ కొంగు పట్టుకుని లాగినా కూర్చోలేదు.

"సార్, ఆ బిడ్డ బోగస్ కాదు. జ్యోతి. నా సెంటరు. నా ఒళ్లోనే పెరిగింది. మొక్కు తీర్సుకుని గుండు కొట్టిచ్చుకునింది, అంతే. దాని బిడ్డ బరువు దిగిపోతాండాది."

అధికారి చెడ్డవాడేమీ కాదు. నిదానంగానే విన్నాడు. "మీ బాధ అర్థమైందమ్మా. పదో తేదీ లోపల ముఖం సరిపోలితే పేరు ఉంటుంది. లేకపోతే జాబితాలోంచి పోతుంది. నేను చేయగలిగింది ఏమీ లేదు."

"పదో తేదీ లోపల జుట్టు మొలుస్తాదా సార్?"

హాలంతా ఘొల్లుమంది. అధికారి కూడా చిన్నగా నవ్వి తర్వాతి అంకెకు పోయాడు. ముందు వరసలో కూర్చున్న సునంద వెనక్కి తిరిగి చూడలేదు. తిప్పమ్మ ఆ నవ్వుల మధ్య ఇంకాసేపు నిలబడి, కూర్చుంది. ఇంటికొచ్చే బస్సులో ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మాట్లాడడానికి ఒక మనిషి ఉంటే పోట్లాడవచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు, శాపనార్థాలు పెట్టవచ్చు. అందరూ మంచివాళ్లే, అందరికీ తెలుసు, చేయగలిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఇదెక్కడి న్యాయం?

పదో తేదీ పొద్దున జ్యోతి సెంటరుకు వచ్చింది. వెనకాల ఎర్రిస్వామి, చంకలో గుడ్డ మూటతో. ఎర్రిస్వామి నాటకాల మనిషి. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్లలో రాణుల వేషాలన్నీ ఆయనవే. మూట విప్పితే, రాణి వేషానికి పెట్టుకునే పొడుగు జడ టోపా బయటికొచ్చింది.

"ఇదేందే?" అంది తిప్పమ్మ.

"పెట్టుకుంటా టీచరమ్మా. ఎర్రిసామి మామనడిగి తెచ్చినా."

"నువ్వు నువ్వేనని సెప్పుకునేదానికి యాసం కట్టల్లా? నేనొప్పుకోను. సిగ్గుండల్ల నాకు."

"ఆ సామికి జుట్టిచ్చినప్పుడు నాకు సిగ్గు కాలేదు. దీనికి మాత్రం ఏం సిగ్గు?" అంది జ్యోతి. అని, అంజలిని తిప్పమ్మ చేతుల్లో పెట్టింది.

తిప్పమ్మ బిడ్డను చంకకెత్తుకుని, ఎర్రిస్వామి వైపు తలూపింది. ఎర్రిస్వామి టోపాను జ్యోతి తలకు బిగించి, తన మొహానికి చేసుకున్నంత శ్రద్ధగా నుదుటి మీదికి జుట్టు దించి, పాపట తీశాడు. "కదలద్దమ్మా, ఈడ గుడ్డ అంచు కనపడితే జనం పట్టేస్తారు" అన్నాడు అలవాటు కొద్దీ. నల్లమ్మ కనకాంబరాలు తెచ్చి పెట్టింది. తిప్పమ్మ ఫోను ఎత్తి పట్టుకుంది.

ఒక్కసారికే ఆకుపచ్చ టిక్కు పడింది. ధన్యవాదాలు జ్యోతి గారూ అంది ఫోను.

పిల్లలను దింపడానికి వచ్చిన తల్లులు చప్పట్లు కొట్టారు. ఎర్రిస్వామి తన టోపాకు వచ్చిన మెప్పులాగా వంగి దండం పెట్టాడు. తిప్పమ్మ మాత్రం ఆ టిక్కు వైపే చూస్తూ ఉండిపోయింది. ఉన్నదున్నట్టు నిలబడితే దొంగన్నారు, దొంగజుట్టు పెట్టుకుంటే గారూ అన్నారు.

మధ్యాహ్నం సునంద స్కూటీ మీద వచ్చింది. ముందర బాలామృతం పొట్లం, గుడ్ల ట్రే. చేతిలో ఒక కాగితం.

"చూశారా తిప్పమ్మా, సిస్టంలో తప్పేమీ లేదు. ఇప్పుడు సరిపోయింది కదా. మెమోకు జవాబు నేనే రాసుకొచ్చాను, సంతకం చేయండి. చేస్తే ఈ పొట్లం మీ సెంటరుదే."

గతంలో ఫొటో సరిగా తీయకపోవడం నా పొరపాటే అని రాసి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లలో తిప్పమ్మ ఒక్క బిడ్డ బరువును కూడా వంద గ్రాములు ఎక్కువ చేసి రాయలేదు. కరువు ఏళ్లలో పైనుంచి ఒత్తిడి వచ్చినా రాయలేదు. కాగితం వైపు చూసింది. పొట్లం వైపు చూసింది. సంతకం పెట్టింది. పొట్లమూ గుడ్లూ జ్యోతి ఇంటికి నల్లమ్మ చేత వెంటనే పంపించింది.

సునంద మాత్రం కదల్లేదు. స్కూటీ తాళాలు వేళ్లకు తిప్పుకుంటూ నిలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"తిప్పమ్మా... ఆ టోపా ఎవరిది? ఈ రాత్రి దాకా ఇస్తారా?"

"ఎందుకు మేడం?"

"నా కింది ఊళ్లలో ఇంకా ముగ్గురున్నారు. ఇద్దరిది కసాపురం మొక్కు, ఒకామెది తిరుపతి."

తిప్పమ్మకు బూతులు నోటిదాకా వచ్చాయి. "మీటింగులో ఈ మాట ఎందుకు సెప్పలేదు మేడం? నేనొక్కదాన్నే నిలబడుకోనుంటే అందరూ నవ్విరి. మీకు ముగ్గురు తెలిసి కూడా మీరు నోరిప్పలేదే!"

సునంద తల దించుకుంది. "నాకూ పిల్లలున్నారు తిప్పమ్మా" అని మాత్రం అంది.

"ఆ ముగ్గురికీ ఉండారు," అంది తిప్పమ్మ. "వాళ్ల బరువులెంత?"

సునంద ఫోను తెరిచి చదివింది. ఆరు కిలోల రెండు వందలు. ఏడు కిలోలు. అయిదు కిలోల నాలుగు వందలు.

తిప్పమ్మ లోపలికి పోయి, ఇంకా అక్కడే ఉన్న ఎర్రిస్వామితో ఒక మాట చెప్పి, టోపాను మడిచి మూట కట్టింది. చెప్పులు వేసుకుని వచ్చి, అడగకుండానే స్కూటీ వెనక ఎక్కి, మూటను ఒళ్లో పెట్టుకుంది.

"అయిదు కిలోల నన్నూరు బిడ్డ యా ఊర్లో ఉండాది? ముందు ఆడికి పోనీండి."