ఓబులేసు ఎనుముకు రోగం లేదు

అది 1979. ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండరుగా పనిచేస్తున్నాను. డాక్టరు వారానికి రెండు రోజులు ఉండేవాడు. తక్కిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు నేనే డాక్టరును. సైకిలు, మందుల పెట్టె, ఒక థర్మామీటరు, ఇవే నా ఆసుపత్రి.

ఆ ఏడు ఎండాకాలంలో నన్ను ఎక్కువగా విసిగించిన మనిషి ఓబులేసు. తొమ్మిది కిలోమీటర్ల అవతలి ఊరు. నాలుగెకరాల్లో జొన్న, బుడ్డలు, అంటే వేరుశనగ, ఒక్కటే పాడి ఎనుము. ఒక్కతే కూతురు, పెళ్లయి కోవెలకుంట్లకు కాపురానికి పోయింది. ఇంట్లో అతను, భార్య ఈశ్వరమ్మ, అంతే. ఎనుము పాలు తగ్గించిందని మొదటిసారి వచ్చినప్పుడు పోయి చూశాను. జ్వరం లేదు. మాస్టైటిస్ ఉందేమోనని, అంటే పొదుగువాపు, ప్రతి చన్ను నుంచీ నాలుగు ధారలు నల్లపళ్లెంలోకి పిండి చూశాను. పాలలో విరుగుడు లేదు, రక్తం లేదు. కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించి వచ్చాను.

పది రోజులకు మళ్లీ వచ్చాడు. మళ్లీ పోయాను. ఎనుము నిగనిగలాడుతూ నెమరు వేస్తోంది. మేత మార్చమని, బుడ్డల చెక్క పెంచమని చెప్పాను. అన్నిటికీ తల ఊపాడు. వారం తిరక్కుండా ఆసుపత్రి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఈసారి పాలు దిగే సూది వేయమన్నాడు. దూడ నోరు పెట్టినప్పుడు ఎనుము పొదుగులోకి పాలు వదలడాన్ని చేపడం అంటారు. ఆ సూది బలవంతంగా చేపిస్తుంది. అలవాటు పడితే అది లేకుండా పాలు వదలదు. వేయనన్నాను. కదల్లేదు. రేపు వస్తాను పొమ్మని అరిచి పంపించాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఇదంతా చెప్పి తిట్టుకుంటుంటే మా ఇంటామె బియ్యం ఏరుతూ విన్నది. ఎనుమును ఎవరు పిండుతున్నారని అడిగింది. నాకు తెలియదు. చెయ్యి మారితే ఎనుము చేపదని నేనే కదా అందరికీ చెప్పేది, ఆ ఒక్క మాట అక్కడెందుకు అడగలేదని ఆమె తప్పు పట్టింది. కోపం వచ్చింది. ఆమె చెప్పింది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

మరునాడు పోయి, నా ముందర పాలు పిండమన్నాను. ఓబులేసు చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకున్న తీరు చూస్తేనే కొత్త చెయ్యని తెలిసిపోయింది. రెండు ధారలకే ఎనుము కాలు విదిలించింది.

"ఎన్నాళ్ల నుంచి పిండుతాండావు?"

"ఉగాది నుంచి."

"మరి ఈశ్వరమ్మక్క?"

అతను దూడను కట్టే పనిలో పడ్డాడు. మళ్లీ అడిగితే చెప్పాడు. నాలుగు నెలలుగా సరిగా లేస్తాలేదు. తింటాలేదు. తెల్లారుజామునే మెలకువ వచ్చి కళ్లు తెరుచుకొని పండుకుంటుంది. తాయెత్తు కట్టించినాడు. అహోబిలం కొండ ఎక్కించినాడు. కోప్పడినాడు, బతిమాలినాడు. మరి డాక్టరుకు ఎందుకు చూపించలేదంటే, నొప్పి యాడుందో చెప్పకుంటే డాక్టరుకు ఏమని చూపించేదని నన్నే అడిగాడు. తనకు దిక్కుతోచక ఎనుము పేరు చెప్పి నన్ను మూడుసార్లు ఎండలో తిప్పాడన్నమాట.

లోపలికి పోయాను. ఈశ్వరమ్మ గోడవైపు తిరిగి పడుకొని ఉంది. నన్ను చూసి లేచి కూర్చోడానికి చాలాసేపు పట్టింది. నలభై ఏళ్లుంటాయి. తల దువ్వుకొని ఎన్నాళ్లయిందో. ఏమైందక్కా అని అడిగాను.

"నొప్పేం లేదు సార్. లేయాలనే లేదు." నేల చూస్తూ మళ్లీ అంది. "నేను లేకపోతే ఆయప్పకు ఈ తిప్పలన్నా తప్పుతాయి."

ఇరవై ఏళ్లుగా పశువులతో ఉన్నవాణ్ని, నాకు అట్లాంటి మాటకు మందు తెలియదు. ఓబులేసును కొట్టంలోకి తీసుకుపోయి, రేప్పొద్దున నంద్యాల డాక్టరు దగ్గరికి పోదామన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. మనసు జబ్బని తెలిస్తే పిచ్చిదంటారని, కూతురి అత్తగారింట్లో తలెత్తుకోలేమని. ఎంత చెప్పినా అదే. చివరికి నాకు తెలిసిన భాషలో చెప్పాను.

"ముందటేడు నీ ఎనుము ఈనినంక లేయకుండా పడిపోతే ఏం చేసినావు? తోక మెలిపెట్టినావు, కట్టెతో పొడిచినావు. లేసిందా? మిల్క్ ఫీవర్ అది. రక్తంలో కాల్షియం తగ్గింది. సీసా ఎక్కించినంక లేసింది. అది కొవ్వుపట్టి పండుకున్యాదా అప్పుడు?"

ఓబులేసు కింద రాలిన మేత ఏరి ఎనుము ముందు వేశాడు. తర్వాత, బస్సు ఎన్ని గంటలకని అడిగాడు. మనిషిని ఎనుముతో పోల్చినందుకు ఆ రాత్రి మా ఇంటామె నాకు బాగా చీవాట్లు పెట్టింది.

నంద్యాల డాక్టరు పెద్దాయన. మమ్మల్ని బయట కూర్చోబెట్టి ఈశ్వరమ్మతో చాలాసేపు మాట్లాడాడు. దీన్ని డిప్రెషన్ అంటారు, మనసు కుంగిపోయే జబ్బు, ఆమె బద్ధకమూ కాదు, నీ తప్పూ కాదు అని ఓబులేసుకు చెప్పాడు. మాత్రలు రాసి, వాటిని అతని దగ్గరే ఉంచుకొని రోజూ చేతికివ్వమన్నాడు. ఆమెను ఒంటరిగా వదలొద్దన్నాడు. ధైర్యం తెచ్చుకో అని ఊరికే అనొద్దు, పొద్దున్నే లేపి కొంచెం దూరం పక్కనే నడువు, ఆమె మాట్లాడితే అడ్డం పోకుండా విను అన్నాడు. మూడు వారాల దాకా గుణం కనిపించదని రెండుసార్లు చెప్పాడు.

పన్నెండో రోజు ఓబులేసు ఆసుపత్రికి వచ్చాడు. మాత్రలు ఆపేశాడట.

"నువ్వే చెప్తివి కదా సార్, సీసా ఎక్కిస్తే లేస్తాదని. ఆ పొద్దు ఎనుము గంటకు లేసింది. ఈమె పన్నెండు దినాలైనా లేయకపాయె."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నా పోలికే నా మెడకు చుట్టుకుంది. మళ్లీ సెలవు పెట్టి వాళ్లతో నంద్యాల పోయాను. డాక్టరు అతన్ని ఒక్క మాటా అనలేదు. తిట్లన్నీ నాకే పడ్డాయి, పశువుల వైద్యం మనుషుల దగ్గర చెప్పొద్దని.

ఆ తర్వాత ఓబులేసు మాత్రలు ఇవ్వడం తప్పలేదు. అయితే నన్నూ వదల్లేదు. వారానికోసారి వచ్చి చెప్పుకునేవాడు. పొద్దున్నే ఆమెను చేను గట్టు దాకా నడిపిస్తున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక జొన్న సంగతి, వాన సంగతి చెప్తాడు. ఆమె ఊ కూడా కొట్టదు. పెండ్లాం కొంగు పట్టుకొని తిరుగుతాండాడని ఊళ్లో నవ్వుతున్నారు. వండేది కూడా అతనే. ఇవన్నీ వింటూ నేను కట్లు కట్టేవాణ్ని, మందులు కలిపేవాణ్ని. కొన్నిసార్లు, నాకు పనుంది పొమ్మని కసురుకునేవాణ్ని. కాసేపు బయట కూర్చొని మళ్లీ వచ్చేవాడు.

ఆరో వారంలో ఒకరోజు సైకిలు దిగుతూనే నవ్వుతున్నాడు. చెమటతో తడిసిపోయాడు. ఏందీ అన్నాను.

"సంగటి ఉడకలేదనింది సార్."

"ఎవరు?"

"ఆమెనే. రెండు ముద్దలు తిని, ఉడకలేదు, ఇంకా రోంత సేపు ఉంచాల్సింది అనింది."

ఆ మాట చెప్పడానికి మిట్టమధ్యాహ్నం తొమ్మిది కిలోమీటర్లు వచ్చాడు. చేతిలో ఉన్న సీసా కింద పెట్టి, మొదటిసారి అతన్ని లోపల కుర్చీలో కూర్చోబెట్టాను.

ఈశ్వరమ్మ ఒక్కసారిగా లేచి తిరగలేదు. బాగున్న రోజులు, మళ్లీ పడుకున్న రోజులు. దీపావళికి కూతురింటికి పోయివచ్చింది. చలికాలంలో మళ్లీ చెంబు పట్టింది. మాత్రలు ఏడాది వాడారు.

1982లో నాకు నంద్యాలకు బదిలీ అయింది. మరుసటి ఏడు ఓబులేసు ఆఫీసుకు వచ్చాడు. ఏం తెచ్చిపెట్టాడోనని నాకు అప్పుడే విసుగు మొదలైంది. అతను కూర్చోలేదు. ఆమెకు మళ్లీ నిద్ర చెడిందని, నాలుగు దినాలు చూసి ఐదో దినం బస్సెక్కించినానని, డాక్టరుకు చూపించి మాత్రలు కొనుక్కొని పోతున్నామని చెప్పాడు. కిటికీలోంచి చూస్తే ఈశ్వరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తి దండం పెట్టింది.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఏ ఇంటికి పోయినా, పశువును ముట్టుకోకముందే దాన్ని చూసుకునే మనిషి ఎట్లుందని అడిగాను. నీకెందుకన్నట్టు చూసినవాళ్లే ఎక్కువ. అయినా మానలేదు. ఆ ఎండాకాలంలో రెండుసార్లు పోయి, గోడకు ఇవతల ఎనుమును పరీక్ష చేసి వచ్చాను. అవతల ఈశ్వరమ్మ ఉంది. ఆ రోజుల్లో ఆమెకేమన్నా అయ్యుంటే, నా రిజిస్టరులో మాత్రం రెండు తేదీల ఎదురుగా ఒకటే రాసి ఉండేది: పశువు ఆరోగ్యంగా ఉంది.