లాకు తీసేసిన ట్రాక్టర్

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్నాను కాబట్టి ఉందనుకోకండి. ఇరవై ఏళ్లకు పైగా వనపర్తిలో ట్రాక్టర్ల వెనక ఇరుసులు విప్పి బిగిస్తున్నవాణ్ణి. వింత చప్పుడు వచ్చిందంటే లోపల ఏదో పన్ను విరిగి ఉంటుంది, లేదా ఎవడో నట్టు సరిగ్గా బిగించకుండా వదిలేసి ఉంటాడు. నా అనుభవంలో అంతకుమించి ఏమీ లేదు, ఒక్కసారి తప్ప.

మా అక్క భర్త కుర్మయ్య వీపనగండ్ల దగ్గర భీమన్న అనే రైతుకు ట్రాక్టర్ నడిపేవాడు. మా బావ తాగడు. పెళ్లిళ్లలో కల్లు కుండ దగ్గరికి కూడా వచ్చేవాడు కాదు, ఆ వాసనే పడదు ఆయనకు.

ట్రాక్టర్ ఎరగనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. బురదలో ఒక్కోసారి ఒక వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. అప్పుడు మడమ దగ్గరుండే లాకు పెడల్ తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి బయటపడుతుంది. బయటపడగానే కాలు తీయాలి. తీయకుండా మలుపు తిప్పితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. అందుకే దానికి స్ప్రింగు ఉంటుంది, కాలు తీస్తే లాకు దానంతటదే వదిలేస్తుంది.

నాట్లకు ముందు పొలం బురద చేసే రోజుల్లో మా వైపు కొందరు ఆ స్ప్రింగును పగవాడిలా చూస్తారు. మాటిమాటికీ తొక్కడమెందుకని పాత సైకిల్ ట్యూబు ముక్కతో పెడల్‌ను కిందికి లాగి కట్టేస్తారు. నేను ఎందరిని తిట్టానో లెక్కలేదు.

ఆ రోజు పొద్దున బావ ఫోన్ చేశాడు. "భీమన్న లాకు కట్టేసిండు బామ్మర్దీ. కాలు తీసుడు, పెట్టుడుతోని పని ఆగుతుందట" అన్నాడు.

"ఇప్పెయ్ బావా, పానం మీదికొస్తది" అన్నాను.

"ఇప్పితే మల్ల కడ్తుండు. మడి అయినంక ఇప్పుత తియ్" అన్నాడు. అదే ఆయన చివరి మాట నాతో.

ముడి బురదలో బిగుసుకుపోయి ఊడలేదో, మరిచిపోయాడో తెలియదు. మధ్యాహ్నం పొలంలోంచి కాలువ గట్టు మీదికి ఎక్కి కుడికి తిప్పాడు. బండి తిరగలేదు. నేరుగా వెళ్లి కాలువలో బోల్తా పడింది. బావ దాని కింద ఉండిపోయాడు.

నేను వెళ్లేసరికి పెడల్‌కు ట్యూబు లేదు. సీటు పక్కన ఒక సారా సీసా ఉంది. భీమన్న అందరికీ చెప్తున్నాడు, తాగి నడిపాడని. నేను ట్యూబు సంగతి ఎత్తితే, చచ్చినోని మీద ప్రేమతో అంటున్నావులే అన్నారు. ఊరు ఆ సీసానే నమ్మింది.

అక్క నెల రోజులు నీళ్లకు బోరింగు దగ్గరికి కూడా వెళ్లలేదు. తాగుబోతు పెండ్లాం అన్న మాట ఆమె చెవిన పడింది. "నీ బావ ఎట్లా రాడు. ఆ మాటన్నా పోవాలె తమ్మీ" అంది. భీమన్న కాళ్లు విరగాలని, ఆయనా అదే కాలువలో పడాలని రోజూ కోరుకున్నాను. దాచడం దేనికి, మనసారా కోరుకున్నాను.

ఆ ట్రాక్టర్‌ను భీమన్న బాగుచేయించి మళ్లీ పనిలో పెట్టాడు. కొత్త డ్రైవర్ నడిపితే బాగానే ఉండేది. భీమన్న ఎక్కితే మాత్రం తిరిగేది కాదు. ఒకసారి సొంత కొట్టం గుంజను గుద్దింది. ఇంకోసారి గోడ. గద్వాలలో చూపించాడు, నాగర్‌కర్నూల్‌లో చూపించాడు. ఏ లోపమూ లేదన్నారు. చివరికి సిగ్గు లేకుండా నా షెడ్డుకే తెచ్చాడు.

"నాగేశా, ఆ లాకే వద్దు. మొత్తం తీసెయ్" అన్నాడు. మా అక్క ఎలా ఉందని కూడా అడగలేదు.

విప్పాను. నిజం చెప్తున్నాను, స్టీరింగ్ బోల్టు ఒకటి వదులు చేద్దామన్న ఆలోచన వచ్చింది. పానా దాకా చెయ్యి పోయింది కూడా. బావ చేసే పని అది కాదని ఆగాను. లాకు ఫోర్కు, పళ్ల బిళ్ల, స్ప్రింగు, పెడల్ అన్నీ తీసి పక్కన పెట్టాను. లోపలి పళ్లచక్రాలు బిగుసుకున్నా ఇలాగే అవుతుంది కాబట్టి అవీ చూశాను. చేత్తో తిప్పితే హాయిగా తిరిగాయి. బిగించి షెడ్డు ముందు నేనే నడిపాను. కొత్త డ్రైవర్ కూడా నడిపాడు. అటూ ఇటూ చక్కగా తిరిగింది.

అప్పుడు భీమన్న ఎక్కాడు. పగలు పదకొండు గంటలవుతుంది. టీ కొట్టు దగ్గర పది పన్నెండు మంది ఉన్నారు.

రోడ్డు మీదికి రాగానే కుడికి తిప్పాడు. ముందు చక్రాలు పూర్తిగా కుడికి తిరగడం నేను చూశాను. బండి మాత్రం తిన్నగా పోయింది, ముందు చక్రాలు తారు మీద అడ్డంగా గీరుకుంటూ. రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న లోతు గుంత అంచున ఇంజన్ దానంతటదే ఆగింది. ఒక ముందు చక్రం గాలిలో ఉంది.

భీమన్న దిగబోయాడు. కుడికాలు లేవలేదు. పెడల్ ఉండాల్సిన చోట, ఏమీ లేని రేకు మీద, ఆయన మడమ అదిమిపెట్టి ఉంది.

"కాలొస్తలేదు! ఎవరో తొక్కి పట్టిండ్రు!" అని అరిచాడు. ఇద్దరు ఎక్కి లాగారు, రాలేదు. బండి ముందుకు ఊగింది, వాళ్లు భయంతో దూకేశారు. ఇక ఆయన ఏడుపు మొదలుపెట్టాడు. "కుర్మయ్యా, ఇడువు! ట్యూబు నేనే కట్టిన. సీసా నేనే పెట్టిన. నువ్వు తాగలే, ఇడువు!"

నేను సాయానికి పోలేదు. జేబులోంచి ఫోన్ తీసి అక్కకు కలిపి, స్పీకర్ పెట్టి, బండి దగ్గరికి పోయి పైకి పట్టుకున్నాను. "మల్ల చెప్పు. మా అక్క ఇంటుంది" అన్నాను.

చెప్పాడు. అవతల బిందె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత అక్క గొంతు, చాలా నెమ్మదిగా, "జర గట్టిగ చెప్పుమను తమ్మీ. బోరింగు కాడ అందరున్నరు" అంది.

ఆయన గొంతు చించుకుని మూడోసారి చెప్పాడు. అప్పుడు కాలు వచ్చింది. మడమ కమిలి నల్లబడింది. ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తూనే నడుస్తాడు.

మర్నాడు ఇరుసు మళ్లీ విప్పాను. లాకు లేదు, లాకయ్యే దారీ లేదు. అన్నీ నేను బిగించినట్టే ఉన్నాయి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేనే ఏదో మతలబు చేశానని భీమన్న మనుషులు అంటూ ఉంటారు. అలా చేయడం నాకు తెలిసి ఉంటే, ఆయన నా షెడ్డుకు వచ్చేదాకా ఆగేవాణ్ణి కాదు.