సైదులు చెయ్యి మంచిది

1962లో నన్ను నల్లగొండ బ్రాంచికి మేనేజరుగా వేశారు. మాది హైదరాబాదు నుంచి జిల్లాలకు లారీల మీద పార్సిళ్లు చేరవేసే ప్రైవేటు కంపెనీ. బ్రాంచి అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, ఒక కాటా, ఒక కుర్చీ, అంతే. ఎండాకాలం ఆ రేకుల కింద మనుషులు ఎట్లా పనిచేశారో ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

పొద్దున లారీ రాగానే హమాలీలు మూటలు దించేవారు. గోదాం గుమాస్తా మూట మీది మార్కాను, అంటే వ్యాపారి గుర్తును, సరుకు రసీదైన బిల్టీతో సరిచూసేవాడు. తరువాత డెలివరీ మనిషి వాటిని తోపుడు బండి మీద దుకాణాలకు చేర్చి సంతకం తీసుకునేవాడు. డెలివరీ మనిషి చిన్న బ్రాంచికి ఇన్‌చార్జి కావచ్చునని కంపెనీ చెప్పేది. దానికి చదువు రావాలి, మేనేజరు సిఫారసు చేయాలి, పైన యజమాని ఒప్పుకోవాలి. అప్పటిదాకా ఇవన్నీ ఒకచోట కలిసింది నేనెక్కడా చూడలేదు.

మా డెలివరీ మనిషి సైదులుది మర్రిగూడ వైపు. ఉర్దూ బడిలో చదివాడు, తెలుగు సొంతంగా నేర్చుకున్నాడు. నలభై దాటాయి. ఏళ్ల తరబడి బండి తోసి నడుము దెబ్బతిన్నది. మధ్యాహ్నం మూటలకు ఆనుకొని నిలబడే అన్నం తినేవాడు. కింద కూర్చుంటే లేవడం కష్టమనేవాడు.

ఒక దసరాకు అతను దించిన బట్టలు సాయంత్రానికల్లా అమ్ముడుపోయాయట. ఇక చూడండి, సైదులు చెయ్యి మంచిదని బజారంతా పేరు పడిపోయింది. కొత్త సరుకు వస్తే మొదటి మూట అతనే దుకాణంలో పెట్టాలి. వేరేవాళ్లు తెస్తే గడప బయటే ఆపేవారు. నాకు ఒళ్లు మండేది గానీ, వర్తకులతో పేచీ ఎందుకని ఊరుకునేవాణ్ణి.

ఇంతలో నకిరేకల్‌లో కొత్త బ్రాంచి తెరుస్తామన్నారు. నేను సైదులు పేరు రాసి పంపాను. యజమాని సరేనన్నాడు. ఆ మాట సైదులుకు చెప్పాను. అక్కడ కుర్చీ ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. మరునాడే నకిరేకల్ పోయి కిరాయికి ఒక గది చూసి వచ్చాడు.

సంగతి బజారుకు తెలిసింది. బట్టల వర్తకుల్లో పెద్ద అయిన లింగయ్య సేటు నలుగురిని వెంటబెట్టుకొని హైదరాబాదు పోయి, సైదులును కదపొద్దని యజమానిని బతిమాలాడు. పెద్ద ఖాతాదారులు అడిగితే కాదంటాడా? తిరిగొచ్చాక వాళ్లు సైదులును దుకాణానికి పిలిచి, తలకు కొత్త రుమాలు చుట్టి, మిఠాయి చేతిలో పెట్టారు. నేనూ అక్కడే ఉన్నాను.

లింగయ్య ముఖం వెలిగిపోతోంది. "నీ చెయ్యి లేకుంటె మా బజారు ఎట్ల నడుస్తది సైదులూ? మేం పోయి ఆపించినం. ఇగ నీకేం ఫికర్ లేదు, యాడికీ పోయే పని లేదు" అన్నాడు. వాళ్లకు అతని మీద కోపం లేదు, ప్రేమే. ఇష్టం లేని బదిలీని తప్పించామనే అనుకున్నారు.

సైదులు దండం పెట్టాడు. షెడ్డుకు వచ్చాక రుమాలు విప్పి మడత పెడుతూ నాతో అన్నాడు: "చెయ్యి మంచిదన్నరు సార్. నడుము సంగతి ఎవ్వలు అడగలె."

నేను యజమానికి ఫోను చేసి వాదించాను. ఖాతాదారులు సంతోషంగా ఉన్నప్పుడు నీకేమి నొప్పి అన్నాడు. నకిరేకల్‌కు హైదరాబాదు నుంచి ఎవరినో పంపారు.

కొన్నేళ్లకు సైదులు ఒక మూట ఎత్తుతూ కూలబడ్డాడు. దవాఖానలో చూపించాము, ఇక బరువు ఎత్తొద్దన్నారు. ఎత్తలేని మనిషికి మా కంపెనీలో పని లేదు, పింఛను అసలే లేదు. ఊరికి వెళ్లిపోయాడు. ఆ వారమే కొత్తగా వచ్చిన మనిషి లింగయ్య దుకాణంలో మూట దించాడు. సరుకు బాగా అమ్ముడుపోయింది. వీడి చెయ్యి కూడా మంచిదే అన్నాడు లింగయ్య.

అప్పటి నుంచి ఎవరినైనా పైకి పంపాలనుకుంటే, ముందు ఆ పనిలోకి ఇంకొకరిని తెచ్చి, బజారుకు అలవాటు చేసి, ఆ తరువాతే సిఫారసు రాసేవాణ్ణి. ఆ పద్ధతిలో నా కింద పనిచేసిన చాలామంది కుర్చీలో కూర్చున్నారు. సైదులు కూర్చోలేదు.