కుట్టుమిషను పక్కన సముద్రం

నిన్న గాజువాకలో మా ఇంట్లోనే కూర్చుని లెక్చరర్ల ఆన్‌లైన్ మీటింగుకి హాజరయ్యాను. "వెనక చప్పుళ్లొస్తున్నాయి, అందరూ మ్యూట్‌లో ఉండండి" అన్నాడు నడిపిస్తున్నాయన. ఎవరింట్లోదో కుక్కరు కూత. మా ఇంట్లోదే. బుద్ధిగా మ్యూట్ నొక్కాను గానీ, మనసు కరోనా రోజులకి వెళ్లిపోయింది. అప్పట్లో ఇలాంటి చప్పుడొకటి వినబడి ఉండకపోతే ఒక పిల్ల గోడు నాకు తెలిసేదే కాదు.

ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకి ఫోన్లోనే బోటనీ చెప్పేదాన్ని. కాలేజీలో చేరారే గాని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. డేటా అయిపోతుందని కెమెరాలు ఆపేసుకునేవారు. ఆ నల్లటి గళ్లకి పాఠం చెప్పడం మహా చిరాకు. వన్‌టౌన్ టైలరుగారి అమ్మాయి ఒక్కతే అడిగినదానికి జవాబిచ్చేది. మైకు తెరిస్తే చాలు, వెనక కుట్టుమిషను టకటక. ఒకరోజు ఆ టకటకతోపాటు అలల హోరు కూడా వినబడింది. ఇరుకు సందులోని ఇంట్లోకి సముద్రం ఎలా వచ్చిందో నాకు బోధపడలేదు.

"ఏమ్మా, మిషను బీచ్‌కి తీసుకెళ్లారా?" అని అడిగాను.

"లేదు మేడమ్. మన క్లాసులో యారాడ అమ్మాయి ఉంది కదా, సముద్రం ఒడ్డునే ఆళ్లిల్లు, అక్కడ నెట్ రాదు. ఇంకో ఫోన్‌తో మామూలు కాల్ సేసి, ఈ ఫోన్ పక్కనెట్టినాను. మీ మాట ఇంటాది. పాఠం అర్థమవకపోతే ఆళ్లమ్మ సదువు మానిపించేత్తాదంట."

మరి నేను గీసే బొమ్మలెలా చూస్తుందని అడిగితే, "నాను సెప్తాను మేడమ్" అంది. మర్నాడు నేను పువ్వు నిలువుకోత గీస్తూ ఒక చెవి అటే పడేశాను. "మధ్యలో కూజా గియ్యి. దానికి సన్నటి మెడ ఎట్టు. రేకుల కింద సొక్కా కాలరులాగ పచ్చటాకులు" అని మెల్లగా చెబుతోంది. అలల మధ్య నుంచి, "మెడ ఎంత పొడుగే?" అని ఇంకో గొంతు. నల్లటి గళ్లు కూడా ఒక్కొక్కటే నోరు విప్పాయి. "మెడ మీద గుండీ ఎట్టమను" అని ఒకమ్మాయి అందించింది. ఆ రోజు నుంచి నేనూ గీసే ప్రతి గీతనీ పైకి చెప్పడం మొదలుపెట్టాను, వాళ్ల కూజా, కాలరు, గుండీతో సహా.

కొన్నాళ్లకి అలల్లోంచి యారాడ అమ్మాయి వాళ్లమ్మ మాట్లాడింది. "మేడమ్ గారూ, దీనికి నిజంగా అర్థమవతందా? లేపోతే నాతో సేపలమ్మడానికి తీసుకెళ్లిపోతాను." పువ్వు గురించి చెప్పమని ఆ పిల్లనే అడిగాను. అడుగు నుంచి పైదాకా తడుముకోకుండా చెప్పింది.

"అయితే రేపు కూడా నానొక్కదాన్నే ఎల్తాను" అంది తల్లి.

కాలేజీ తెరిచిన రోజు వరండా నిండా మాస్కులు. యారాడ అమ్మాయి బోటనీ రూమెక్కడని ఎవరినో అడుగుతుంటే, వన్‌టౌన్ అమ్మాయి ఆ గొంతు విని పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "నువ్వేనేటే!" అంది.

ఆ బ్యాచ్ మొహాలు చాలావరకు కాలం చెరిపేసింది. కానీ ఈ ఊళ్లో ఎక్కడ కుట్టుమిషను చప్పుడు విన్నా, దాని వెనక ఇంకా ఎవరో పాఠం వింటున్నారనే అనిపిస్తుంది.